ఇంటి వైఫైకి ఏ తాళం వెయ్యాలి: రూటర్ సెట్టింగుల్లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి

రూటర్ సెట్టింగుల్లో సెక్యూరిటీ అన్న చోట నొక్కితే ఐదారు పేర్లు వరుసగా కిందికి జారుతయి: ఓపెన్, డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, రెండూ కలిసిన మిక్స్‌డ్, కొత్త డబ్బాలైతే డబ్ల్యూపీఏ3. కనెక్షన్ బిగించడానికి వచ్చిన పిల్లగాడు అందులో ఏదో ఒకటి పెట్టి, పాస్‌వర్డ్‌గా మీ ఫోన్ నంబరే కొట్టి, "అయిపోయింది సార్, చూస్కోండి" అని పోతాడు. తర్వాత ఏళ్ల తరబడి ఆ పేజీ ఎవరూ తెరవరు.

"పక్కింటోళ్లు వాడుకుంటే ఏం పోయింది, అన్‌లిమిటెడే కదా" అనేవాళ్లు చాలామంది. పోయేది స్పీడ్ ఒక్కటే అయితే నిజంగానే ఫికర్ లేదు. కానీ మీ వైఫై నుంచి ఎవరు ఏం చేసినా బయటికి కనిపించేది మీ కనెక్షన్ చిరునామానే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు వచ్చిన బెదిరింపు ఈమెయిల్‌ను పోలీసులు వెతుక్కుంటూ పోతే నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికా దేశస్థుడి ఇల్లు తేలింది. మెయిల్ పంపింది ఆయన కాదు, తాళం లేని ఆయన వైఫై. ఇంకో సంగతి: మీ నెట్‌వర్క్ లోపలికి వచ్చినవాడికి రూటర్ పేజీ, సీసీ కెమెరా డీవీఆర్, ప్రింటర్ అన్నీ చేతికి అందేంత దూరంలో ఉంటయి. హన్మకొండలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు, మధ్యలో హాస్టళ్లు, ఒక్కో బంగ్లాలో నాలుగు కిరాయి పోర్షన్లు ఉన్న గల్లీలో మీ సిగ్నల్ ఇరవై ఇళ్లలో అందుతుంది. పల్లెలో విడిగా ఉన్న ఇంటికీ, ఆ ఇంటికీ జాగ్రత్తలో తేడా ఉంటది.

ఆ పేర్ల అర్థం

డబ్ల్యూఈపీ అన్నిటికన్నా పాతది. దాన్ని ఎలా విరగ్గొట్టాలో 2001లోనే బయటపడింది. ఈ రోజు మామూలు ల్యాప్‌టాప్‌తో నిమిషాల పని. పాస్‌వర్డ్ ఎంత గట్టిగా పెట్టినా లాభం లేదు, ఎందుకంటే లోపం తాళంచెవిలో కాదు, తాళంలోనే ఉంది. మీ రూటర్‌లో ఇదొక్కటే ఉంటే ఆ డబ్బాను మార్చాల్సిందే.

డబ్ల్యూపీఏ 2003లో తొందరగా వేసిన అతుకు. డేటాను ఎవరూ చదవకుండా మార్చే టీకేఐపీ అనే పద్ధతి దానిదే. దీంతో ఇంకో నష్టం కూడా ఉంది: టీకేఐపీ పెడితే వైఫై 54 ఎంబీపీఎస్ దాటదు. వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని "స్పీడ్ రావట్లే" అని ఆపరేటర్‌తో పంచాయితీ పెట్టుకునే ముందు ఈ మాట ఒకసారి చూడండి.

డబ్ల్యూపీఏ2 2004లో వచ్చింది. దీనికి జోడీ ఏఈఎస్, డేటాను మార్చే ఇంకా గట్టి పద్ధతి. ఇప్పటికీ ఇళ్లకు ఇది సరిపోతుంది, పాస్‌వర్డ్ గట్టిదైతే. 2017లో దీనిలో క్రాక్ అనే లోపం దొరికింది. ఫోన్లు, కంప్యూటర్లు, రూటర్ల అప్‌డేట్లతో దాన్ని సరిచేశారు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లకే ఆ ముప్పు మిగిలింది.

డబ్ల్యూపీఏ3 2018ది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 13 నుంచి ఫోన్లలో దీనికి సపోర్ట్ ఉంది, రూటర్‌లో కూడా ఉండాలి. డబ్ల్యూపీఏ2కూ దీనికీ అసలు తేడా ఎక్కడుందో తెలిస్తే పాస్‌వర్డ్ సంగతి కూడా తెలుస్తది. అందుకే కొంచెం ఆగి చూద్దాం.

పాస్‌వర్డ్ లెక్క

డబ్ల్యూపీఏ2లో మీ ఫోన్ రూటర్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు రెండింటి మధ్య నాలుగు మాటలు నడుస్తయి. ఆ నాలుగు మాటల్లో పాస్‌వర్డ్ ఉండదు, కానీ దాని గుర్తు ఉంటది. గల్లీలో కూర్చున్నవాడు వాటిని ఒక్కసారి రికార్డు చేసుకుంటే చాలు. మళ్లీ మీ ఇంటి దిక్కు రానక్కర లేదు. తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని "ఇదా? ఇదా?" అని ఒక్కో పాస్‌వర్డ్ పోల్చి చూసుకుంటూ పోతాడు. ఎన్ని తప్పులు చేసినా మీ రూటర్‌కు తెలియదు, ఆపేవాళ్లు ఉండరు.

మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు పది లక్షల కంటే ఎక్కువ పాస్‌వర్డ్‌లు పోల్చగలదు. తక్కువలో తక్కువ పది లక్షలనే లెక్క వేద్దాం.

పుట్టినరోజులాగా ఎనిమిది అంకెలు పెడితే మొత్తం కలిపి పది కోట్ల రకాలు. వంద సెకన్లలో అయిపోతయి. పొయ్యి మీద చాయ్ మరిగే లోపే.

పది అంకెల మొబైల్ నంబర్: మన దేశంలో 6, 7, 8, 9లతోనే మొదలవుతయి కాబట్టి నాలుగు వందల కోట్లు. గంటా పది నిమిషాలు కూడా పట్టదు. మీ నంబర్ గేటు మీద టు-లెట్ బోర్డులో రాసి ఉంటే ఆ గంట కూడా అక్కర లేదు.

ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, ఏ మాటా కాకుండా కలగాపులగంగా పెడితే రెండున్నర రోజులు. అదే పన్నెండు అక్షరాలైతే మూడు వేల ఏళ్లు. పాస్‌వర్డ్ బలం పొడుగులో ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర లేదు. వైఫై పాస్‌వర్డ్‌కు 8 నుంచి 63 అక్షరాల దాకా చోటు ఉంది, ఆ చోటును వాడుకోండి.

గుర్తుండేది కావాలంటే ఒకదానికొకటి పొంతన లేని ఐదు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. "నిచ్చెన-తరాజు-కందిపప్పు-పడవ-గోరింట" లాంటివి. (దీన్నే పెట్టకండి, ఇది ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది.) ఓరుగల్లు, కాకతీయ, భద్రకాళి, సమ్మక్క, పిల్లల పేర్లు, బండి నంబర్ వద్దు. వరంగల్ వాడి వైఫై తెరవాలనుకున్నవాడు మొదట కొట్టి చూసేవి అవే. పాటల్లోని వరుస, సామెతలు కూడా పనికిరావు, మాటల మధ్య పొంతన ఉంటే సగం పని వాడికి మీరే చేసి పెట్టినట్టు.

తెలుగు మాటతో ఒక చిక్కు ఉంది. గోరింటను ఇంట్లో ఒకరు "టీ" అక్షరంతో, ఇంకొకరు దాని పక్కన "హెచ్" కలిపి రాస్తరు. "పాస్‌వర్డ్ తప్పు చూపిస్తుంది" అని గొడవ మొదలైతది. అందుకే ఏ స్పెల్లింగ్‌తో పెట్టారో అదే కాయితం మీద రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. ఇంట్లో కాయితం మీద ఉండటం తప్పు కాదు. మీ గల్లీలో ఫోన్ పట్టుకుని కూర్చున్నవాడు మీ బీరువా తెరవలేడు.

రూటర్‌తో వచ్చిన వైఫై పేరును కూడా మార్చండి. పాస్‌వర్డ్‌ను గుర్తుగా మార్చే లెక్కలో ఆ పేరు కూడా కలుస్తది. కంపెనీ పెట్టిన మామూలు పేర్లకు ముందే లెక్కలు కట్టిన పట్టికలు ఉంటయి. కొత్త పేరులో మీ ఇంటి నంబర్, ఇంటిపేరు, ఫ్లాట్ నంబర్ పెట్టకండి. ఖాళీలు, గుర్తులు లేకుండా ఉంటే పాత కెమెరాలు, టీవీలు మొరాయించవు.

ఇక డబ్ల్యూపీఏ3 దగ్గరికి వద్దాం. అందులో ఆ నాలుగు మాటలు రికార్డు చేసుకున్నా ఇంటికి తీసుకుపోయి పోల్చుకోవడం కుదరదు. ఒక్కో ఊహకు ఒక్కోసారి మీ రూటర్ ముందుకు వచ్చి అడగాలి. సెకనుకు పది లక్షలన్న ఆటే ఉండదు. అయితే చాలా రూటర్లలో ఉండేది డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్. పాత పరికరాలు డబ్ల్యూపీఏ2తోనే వస్తయి కాబట్టి వాటి మాటలు ఎప్పటిలాగే రికార్డు అవుతయి. మిక్స్‌డ్ పెట్టాం కదా అని పాస్‌వర్డ్ విషయంలో చేతులు దులుపుకోవద్దు.

మా మాట: ఇంట్లో అన్నీ కొత్త ఫోన్లు, ల్యాప్‌టాప్‌లే అయితే డబ్ల్యూపీఏ3. స్మార్ట్ బల్బు, కెమెరా, పాత టీవీ, ఇన్వర్టర్ డాంగిల్ ఒక్కటున్నా డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 లేకపోతే డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, పక్కన ఏఈఎస్ మాత్రమే. "టీకేఐపీ+ఏఈఎస్" అని ఉన్నది వద్దు.

పేజీ తెరవడం, మార్చడం

తీరిగ్గా ఉన్నప్పుడు గంట కేటాయించండి. పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు మొదలుపెట్టకండి.

ముందు రూటర్‌ను తిప్పి అడుగున అంటించిన స్టిక్కర్‌ను ఫోటో తీసుకోండి. లాగిన్ చిరునామా, యూజర్ పేరు, మొదటి పాస్‌వర్డ్ దాని మీదే ఉంటయి. చిరునామా లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి గేట్‌వే అన్న చోట చూడండి. ఐఫోన్‌లో అదే రూటర్ అని ఉంటది. విండోస్‌లో సీఎండీ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే కనిపిస్తది. ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటది, జియో ఫైబర్ డబ్బాల్లో 192.168.29.1.

ఆ అంకెలను బ్రౌజర్ పైనున్న చిరునామా పట్టీలో కొట్టాలి, గూగుల్ వెతికే పెట్టెలో కాదు. ఫోన్ నుంచి చేస్తే మొబైల్ డేటా ఆపండి, లేకపోతే ఫోన్ ఆ చిరునామా కోసం సిమ్ దిక్కు పోయి పేజీ తెరుచుకోదు. "సురక్షితం కాదు" అన్న హెచ్చరిక వస్తే కంగారు పడకండి. మీరు తెరుస్తున్నది ఇంట్లో ఉన్న డబ్బానే. వీలైతే ల్యాన్ కేబుల్‌తో కంప్యూటర్‌ను కలిపి చెయ్యడం మేలు, మధ్యలో తెగిపోదు.

లోపలికి పోగానే మొదట మార్చాల్సింది వైఫై పాస్‌వర్డ్ కాదు, ఈ పేజీ లాగిన్ పాస్‌వర్డ్. అడ్మిన్, అడ్మిన్ అని ఉంచేస్తే మీ వైఫైలోకి వచ్చిన ఎవరైనా అన్ని సెట్టింగులూ తిప్పెయ్యగలరు. వైఫై పాస్‌వర్డ్, ఇదీ ఒకటే పెట్టకండి. కొన్ని డబ్బాల్లో ఆపరేటర్ మీకిచ్చిన లాగిన్‌తో సగం మెనూలే కనిపిస్తయి. అప్పుడు ఆయనకే ఫోన్ చేసి ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయించండి.

తర్వాత వైర్‌లెస్ లేదా డబ్ల్యూల్యాన్ అన్న చోటికి పోండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతరు. వైఫై ప్రసారమయ్యే రెండు బ్యాండ్లు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్, వేర్వేరు పేజీల్లో ఉంటయి. ఒకటి మార్చి "అయిపోయింది" అనుకుంటరు, రెండోది పాత ఫోన్ నంబర్‌తోనే తెరిచి ఉంటది. రెండూ మార్చాలి. మీరు 2.4లో కనెక్ట్ అయి ఉంటే ముందు 5ది మార్చి సేవ్ చెయ్యండి. ఉన్న కొమ్మను ముందే నరికితే మళ్లీ మొదటి నుంచి ఎక్కాల్సిందే.

ఇంకో మరపు ఇంతకన్నా పెద్దది. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ డబ్బా ఒకటి, మీరు అంగడిలో కొన్న రూటర్ ఒకటి, రెండూ ఉన్న ఇళ్లలో ఆ ఫైబర్ డబ్బా కూడా తన వైఫైని తాను ప్రసారం చేస్తూనే ఉంటది. కొత్త రూటర్‌కు ఎంత గట్టి తాళం వేసినా పక్కన ఆ దర్వాజ తెరిచే ఉన్నట్టు. ఫైబర్ డబ్బాలో వైఫైని పూర్తిగా ఆపెయ్యండి.

సేవ్ కొట్టగానే ఇంట్లో ఫోన్లన్నీ తెగిపోతయి. అది మంచి గుర్తు. పాత పేరే ఉంచి సెక్యూరిటీ రకం మార్చితే కొన్ని ఫోన్లు మొండికేస్తయి. ఆ నెట్‌వర్క్‌ను "ఫర్గెట్" చేసి కొత్తగా కలపండి. స్మార్ట్ ప్లగ్గులు, కెమెరాలు చాలావరకు 2.4లోనే, డబ్ల్యూపీఏ2తోనే పనిచేస్తయి. అవి ఎక్కకపోతే పీఎంఎఫ్ అన్న సెట్టింగ్ చూడండి, "రిక్వైర్డ్" ఉంటే "కేపబుల్"కు మార్చండి.

ఎక్కడ చిక్కుకున్నా ఒక్క పని మాత్రం చెయ్యకండి: డబ్బా వెనక సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కడం. సొంతంగా కొన్న రూటర్ అయితే మళ్లీ సెట్ చేసుకోవచ్చు. ఆపరేటర్ ఫైబర్ డబ్బాలో ఆ నొక్కుడుతో కనెక్షన్ యూజర్ పేరు, వీల్యాన్ నంబర్ కూడా చెరిగిపోతయి. లైటు వెలుగుతది, నెట్ రాదు, మనిషి రావాల్సిందే. ఆదివారం అయితే సోమవారం దాకా ఆగాల్సిందే.

తీసెయ్యాల్సినవి

డబ్ల్యూపీఎస్. బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిసే సౌకర్యం ఇది. దీనికి ఎనిమిది అంకెల పిన్ కూడా ఉంటది. ఎనిమిది అంకెలంటే కోట్ల రకాలు అనిపిస్తది, కానీ రూటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తది: ముందు నాలుగు, తర్వాత మూడు, చివరి అంకె లెక్కతో వచ్చేది. అంటే పది వేలు, ఇంకో వెయ్యి, మొత్తం పదకొండు వేల ప్రయత్నాలు. 2011లో ఇది బయటపడ్డ తర్వాత కొన్ని రూటర్లు వరుసగా తప్పులు వస్తే ఆగేలా మార్చారు. మీది ఏ రకమో కనుక్కోవడం కన్నా ఆపెయ్యడం సులువు. ముప్పై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి దీన్ని వదిలేస్తే ఆ పాస్‌వర్డ్ దండగ.

రిమోట్ మేనేజ్‌మెంట్ అంటే బయటి ఇంటర్నెట్ నుంచి మీ రూటర్ పేజీ తెరవడం. ఇంటికి దీని అవసరం లేదు, ఆపండి. యూపీఎన్‌పీ, అంటే ఇంట్లో పరికరాలు మిమ్మల్ని అడగకుండానే రూటర్‌లో బయటికి దారి తెరుచుకునే సౌకర్యం, అది కూడా ఆపి చూడండి. పిల్లల గేమ్‌కు ఇబ్బంది వస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లోని ఒక పరికరానికి నేరుగా దారి తెరవడం, దాని సంగతి మన దిక్కు ప్రత్యేకం. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ఊళ్లలో దుబాయ్, మస్కట్‌లో పనిచేసే కొడుకు అక్కడి నుంచే ఇంటి కెమెరాలు చూసుకునేలా డీవీఆర్ బిగిస్తరు. కొందరు టెక్నీషియన్లు అందుకు రూటర్‌లో పోర్ట్ తెరిచి పెడతరు. అప్పుడు మీ డీవీఆర్ లాగిన్ పేజీ లోకమంతటికీ కనిపిస్తది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లలోకే దూరింది. దాని చేతిలో ఉన్నది అరవై చిల్లర ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా, అంతే. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ పరికరాల గుంపుతో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే కొన్ని గంటలు మూయించారు. పోర్ట్ ఫార్వర్డింగ్ పట్టికలో ఏవైనా వరుసలుంటే చెరిపేసి, కెమెరా కంపెనీ సొంత యాప్‌తో చూసుకోండి. డీవీఆర్ పాస్‌వర్డ్ తప్పకుండా మార్చండి. డీఎంజెడ్ అన్నది ఆన్‌లో ఉంటే వెంటనే ఆపండి, అది ఒక్క పోర్ట్ కాదు, మొత్తం గేటే తెరిచినట్టు.

కిరాయిదార్లు, చుట్టాలు, స్మార్ట్ బల్బులు

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు" అంటే నమ్మడానికి లేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి కనెక్ట్ అయిన ఎవరి ఫోన్‌లోనైనా షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తది, దాని కింద పాస్‌వర్డ్ అక్షరాల్లోనే రాసి ఉంటది. బతుకమ్మకు వచ్చిన చుట్టాల పిల్లగాడు ఎదురింటి దోస్తుకు ఇవ్వడానికి ఐదు సెకన్లు చాలు.

అందుకే గెస్ట్ నెట్‌వర్క్. వేరే పేరు, వేరే పాస్‌వర్డ్, అదే డబ్బా. వచ్చిపోయేవాళ్లకు అదే ఇవ్వండి, దసరా పోయినంక ఆ ఒక్క పాస్‌వర్డ్ మార్చితే మీ ఫోన్లు, టీవీలు కదలవు. "లోకల్ నెట్‌వర్క్‌కు అనుమతి" అన్న టిక్ తీసెయ్యండి, లేకపోతే పేరు మారింది తప్ప గోడ కట్టినట్టు కాదు. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు కూడా అందులోనే పెట్టండి, వాటికి అప్‌డేట్లు సరిగ్గా రావు. టీవీని మాత్రం అందులో పెడితే మీ ఫోన్ నుంచి కాస్ట్ చెయ్యడం ఆగిపోతది, అది మెయిన్‌లోనే ఉండనివ్వండి.

కిరాయిదార్లతో నెలకింత అని ఒకే కనెక్షన్ పంచుకోవడానికి గెస్ట్ నెట్‌వర్క్ సరిపోదు. బయటికి కనిపించే చిరునామా అప్పుడు కూడా మీదే. వాళ్ల పేరు మీద వాళ్లనే కనెక్షన్ తీసుకోమనండి.

చేసినట్టే ఉండి ఏమీ చెయ్యనివి

వైఫై పేరు దాచిపెట్టడం అందరికీ నచ్చే సలహా. దాచిన పేరు మీ ఫోన్ కనెక్ట్ అయిన ప్రతిసారీ గాలిలో బయటపడుతుంది, ఉచితంగా దొరికే యాప్‌లు పట్టేస్తయి. పైగా మీ ఫోన్ బస్టాండులో, హాస్పిటల్‌లో కూడా ఆ పేరు పిలుస్తూ తిరుగుతది.

మ్యాక్ ఫిల్టర్, అంటే పరికరాల గుర్తింపు నంబర్ చూసి జాబితాలో ఉన్నవాటినే రానివ్వడం, ఇంకా దండగ. ఆ నంబర్‌నే మ్యాక్ చిరునామా అంటరు, దాన్ని ఎవరైనా నకలు కొట్టవచ్చు. ఇప్పటి ఫోన్లు కూడా ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత చిరునామా చూపిస్తయి. పక్కవాడిని ఆపబోయి మీ బాపు ఫోన్‌నే బయట పెడతరు.

కనెక్ట్ అయిన పరికరాల జాబితాను మాత్రం నెలకోసారి చూడండి. తెలియని పేరు కనిపించగానే పరేషాన్ కావద్దు. "ఎస్ప్రెసిఫ్" అని ఉంటే ఎక్కువసార్లు మీ స్మార్ట్ ప్లగ్గో బల్బో, అది వాటిలోని చిప్ కంపెనీ పేరు. మ్యాక్ చిరునామాలో రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది ఫోన్ చూపించే కల్పిత చిరునామా. అనుమానం తీరకపోతే ఇంట్లో పరికరాలు ఒక్కొక్కటే వైఫై ఆపి చూడండి, అన్నీ ఆపినా జాబితాలో మిగిలినది మీది కాదు. అప్పుడు పాస్‌వర్డ్ మార్చడమే, పేరుపేరునా బ్లాక్ చేస్తూ కూర్చోవడం కాదు.

అదే పేజీలో డీఎన్‌ఎస్ కూడా చూడండి, అది వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పే సర్వర్. ఆపరేటర్‌దో, మీరు పెట్టుకున్న 8.8.8.8, 1.1.1.1 లాంటివో కాకుండా ముక్కూమొహం తెలియని అంకెలుంటే, బ్యాంకు పేజీ అడిగితే దొంగ పేజీ చూపించే ఏర్పాటు అయి ఉండవచ్చు. ఆపరేటర్‌ను అడిగి తేల్చుకోండి, లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

ఫర్మ్‌వేర్, అంటే రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ ఉంటే వెయ్యండి, కానీ ఎండాకాలం మధ్యాహ్నం ఇన్వర్టర్ లేకుండా వద్దు. మధ్యలో కరెంటు పోతే డబ్బా మళ్లీ లేవకపోవచ్చు. ఫైల్ కంపెనీ సైట్ నుంచే తీసుకోవాలి, డబ్బా అడుగున రాసిన హార్డ్‌వేర్ వెర్షన్‌తో సరిపోవాలి. ఆపరేటర్ ఇచ్చిన డబ్బాకు అప్‌డేట్ వాళ్లే పంపుతరు, మీరు చేతితో ఎక్కించకండి.

కనెక్షన్ మార్చి పాత డబ్బా వాపస్ ఇచ్చే రోజు మాత్రం ఆ సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కండి. ఇవ్వడానికి ముందు, మీ చేతులతోనే.